కోత మానింది గానీ మంట మానలేదు

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 56 ఏళ్లు. మాది పర్లాకిమిడి. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. షుగరు ఎనిమిదేళ్లుగా ఉంది. తొమ్మిది వారాల కిందట విశాఖలో బైపాస్ ఆపరేషన్ చేశారు. కుట్లన్నీ మానాయి. కానీ ఛాతీ మధ్య మచ్చ పైభాగం ఎర్రగా ఉబ్బి, రాత్రిళ్లు దురదతో నిద్ర పట్టనివ్వదు. ఎడమవైపు రొమ్ము మీద చెయ్యి వేస్తే మొద్దుగా ఉంటుంది, జాకెట్టు రాసుకుంటే మాత్రం మండిపోతుంది. నరం తీసిన ఎడమ కాలు సాయంత్రానికి వాస్తుంది. దగ్గినా తుమ్మినా ఎముక విడిపోతుందేమోనని భయం. మా అత్తగారు మూడు నెలలు మంచం దిగొద్దంటారు, చీము పడుతుందని పప్పు పెట్టరు. మా అమ్మాయి నడవమని పోరు పెడుతుంది. మందుల షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర రోజూ రెండు వేసుకుంటున్నాను. మిషను మళ్లీ ఎప్పుడు తొక్కొచ్చు? వచ్చే నెల రథయాత్రకి రథం తాడు పట్టుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసేసిన సంగతితోనే మొదలుపెట్టాలి. ఆ నొప్పి మాత్ర అట్ట తిప్పి పేరు చూడండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వీటిలో ఏది ఉన్నా ఈ రోజే ఆపేయండి. పారాసిటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా వచ్చేవాటిలోనూ ఇవి ఉంటాయి కాబట్టి కింద చిన్న అక్షరాలు కూడా చదివించుకోండి. బైపాస్ అయినవాళ్లలో ఈ మందులు గుండెపోటు ముప్పును పెంచుతాయి. కిడ్నీ మీద భారం వేసి ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. మీ కాలివాపులో కొంత పాలు వీటిదే కావచ్చు. బైపాస్ అయినవాళ్లకు మామూలుగా ఇచ్చే ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో పుండుపడి రక్తం కారే ప్రమాదం కూడా ఉంది. విరేచనం తారులా నల్లగా అవుతుంటే ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

నొప్పికి పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములది వేసుకోండి. మాత్రకూ మాత్రకూ కనీసం ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగు మించకూడదు. లివర్ జబ్బు ఉంటే ఈ మోతాదు కూడా డాక్టరునడిగే. ఇంకో జాగ్రత్త: నొప్పి మాత్రలు ఆపమన్నారని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు ఆపేయకండి. కొత్తగా వేసిన రక్తనాళాలు పూడుకుపోకుండా కాపాడేవి అవే. ఇంట్లో రెండు రకాలనూ కలిపి నొప్పి మాత్రలనే అనుకోవడం వల్ల జరిగే పొరపాటు ఇది.

ఇక మీ భయం సంగతి. మీకు మంట, దురద పుట్టిస్తున్నవి చర్మం, దాని కింది నాడులు. దగ్గితే విడిపోతుందని మీరు భయపడుతున్నది రొమ్మెముక. ఈ రెండూ వేర్వేరు. చర్మం ఎంత మండినా, ఎముక అతుక్కోవడం లేదని దానికి అర్థం కాదు. ఆపరేషన్‌లో రొమ్మెముకను నిలువునా కోసి, చివర్లో స్టీలు తీగలతో బిగించి కడతారు. ఆ తీగలు జీవితాంతం లోపలే ఉంటాయి. బక్కపలచగా ఉన్నవాళ్లకు ఒక్కోసారి వేలికి ముడిలా తగులుతాయి కూడా. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఎముక చాలావరకు అతుక్కుంటుంది, గట్టిపడడానికి మూడు నెలలు పడుతుంది. షుగరున్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ పట్టొచ్చు. తొమ్మిదో వారంలో మామూలు దగ్గుకో తుమ్ముకో అది విడిపోదు. అయినా దగ్గు వచ్చేటప్పుడు ఒక చిన్న దిండునో మడతపెట్టిన దుప్పటినో ఛాతీకి రెండు చేతులతో హత్తుకుని దగ్గండి. నొప్పి తగ్గుతుంది, దాంతో కఫాన్ని లోపలే బిగబట్టుకోకుండా బయటికి తెచ్చుకోగలుగుతారు.

ఎముక నిజంగా కదులుతుంటే అది వేరే రకంగా తెలుస్తుంది. పక్క మీద ఒత్తిగిలినప్పుడు, చెయ్యి చాచినప్పుడు ఛాతీ మధ్యలో టక్కుమన్నట్టో, రెండు అంచులు రాసుకున్నట్టో ఉంటుంది. అరచెయ్యి తేలిగ్గా ఆనించి మెల్లిగా దగ్గితే చేతికింద కదలిక తెలుస్తుంది. అలా ఉంటే వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లాలి. లేకపోతే ఆ పరీక్ష ఒక్కసారితో ఆపేయండి, రోజూ నొక్కి చూసుకోవద్దు. భుజాల దగ్గరా పక్కటెముకల్లోనూ అప్పుడప్పుడు వచ్చే చిటుకు శబ్దం వేరు, దానికి భయం లేదు. వెన్నులో రెండు రెక్కల మధ్య నొప్పి కూడా చాలామందికి ఉంటుంది. ఆపరేషన్ జరిగినన్ని గంటలూ పక్కటెముకలను వెడల్పుగా తెరిచి ఉంచుతారు కాబట్టి వాటి కీళ్లు సాగి నొప్పెడతాయి.

మచ్చ ఉబ్బడం, ఎర్రబడడం, దురద మూడూ కొత్త మచ్చకు సహజం. పైన చర్మం కలిసిపోయినా లోపల పని ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా సాగుతుంది. మొదటి రెండు మూడు నెలలు మచ్చ ఇంకా ఎర్రబడి, గట్టిపడి, ఆ తర్వాతే నెమ్మదిగా పాలిపోతూ చదునవుతుంది. కాబట్టి మీరు ఇప్పుడున్నది దాదాపు అన్నిటికన్నా ఇబ్బందిగా ఉండే దశ. ఛాతీ మధ్య చర్మం ఎప్పుడూ లాగుడులో ఉంటుంది, అందుకే మచ్చలు ఉబ్బడం అక్కడ మామూలు. మన ఛాయ చర్మాల్లో ఇంకా ఎక్కువ.

కోత గీత లోపలే ఉబ్బితే అది చాలావరకు ఏడాది రెండేళ్లలో అణుగుతుంది. గీత దాటి పక్క మంచి చర్మం మీదికి పాకుతూ పెరిగితే అది కెలాయిడ్, దానంతట అది పోదు. నెలకోసారి ఒకే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. పాకుతోందో లేదో మనసుకు తోచినదానికన్నా ఆ ఫొటోలే సరిగ్గా చెబుతాయి. పాకుతుంటే చర్మవ్యాధుల డాక్టరు మచ్చలోకే ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చొప్పున కొన్ని విడతలు. నొప్పిగా ఉంటుంది. తర్వాత కొద్దిరోజులు షుగరు పెరగొచ్చు, ఆ సంగతి ముందే చెప్పి వెళ్లండి. కెలాయిడ్‌ను కోయించి తీయించుకుంటే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, ఒట్టిగా కోస్తే అంతకన్నా పెద్దది మొలుస్తుంది.

ప్రస్తుతానికి మీకు పనికొచ్చేది సిలికాన్. ఇది రెండు రూపాల్లో దొరుకుతుంది, అంటించే పట్టీ ఒకటి, పూసే జెల్ ఒకటి. పట్టీ అయితే మచ్చకు అన్ని వైపులా ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండేలా కత్తిరించుకోవాలి. తొలిరోజు నాలుగు గంటలు ఉంచి తీసి చర్మం చూడండి. దద్దు లేకపోతే రోజూ రెండేసి గంటలు పెంచుతూ కనీసం 12 గంటలకు తీసుకెళ్లండి. రోజుకోసారి మచ్చనూ పట్టీనీ సబ్బునీళ్లతో కడిగి గాలికి ఆరనివ్వాలి. పౌడరు, నూనె ఏది ఉన్నా పట్టీ అంటుకోదు. మూడు నెలలపాటు మానకుండా వాడితేనే ఫలితం, వారానికి రెండ్రోజులు అంటించి లాభం లేదని విసుక్కోవద్దు. అయితే రథయాత్ర ముందు రోజుల్లో మీ వైపు ఉక్కపోత తెలిసిందే. చెమటకు పట్టీ కింద పొక్కులు లేస్తాయి. అందుకే ఈ ఉక్కపోత రోజుల్లో మీకు జెల్ మేలు. శనగగింజంత తీసుకుని పలచగా రాసి, నాలుగైదు నిమిషాలు ఆరాక జాకెట్టు వేసుకోండి, రోజుకు రెండుసార్లు. చలిగాలులు మొదలయ్యాక పట్టీకి మారండి. రెండిట్లో ఏదైనా చర్మం పూర్తిగా మూసుకున్న చోటే. పొక్కు గానీ తడి గానీ ఉన్నచోట వద్దు.

మచ్చను మర్దనా చేయడం కూడా మొదలుపెట్టొచ్చు, ఒకసారి సర్జన్‌కు ఫోన్ చేసి అడిగి. బిగించి లాగి కుట్టిన బట్ట ఎలా ముడుచుకుంటుందో మీకు తెలుసు. వదిలేస్తే మచ్చ కూడా చుట్టూ ఉన్న చర్మాన్ని అలాగే లాగుతుంది. గోళ్లు కత్తిరించుకుని, చేతులు కడుక్కుని, రెండు చుక్కల కొబ్బరినూనె గానీ వాజలీన్ గానీ రాసుకుని, రెండు వేళ్లతో మచ్చ రంగు కొంచెం పాలిపోయేంత ఒత్తిడి పెట్టండి. వేలు చర్మం మీద జారకూడదు, వేలితోపాటు చర్మమే కదలాలి. చిన్న సున్నాలు చుడుతూ పైనుంచి కిందికి రండి, తర్వాత అడ్డంగా, తర్వాత నిలువుగా. పూటకు ఐదు నిమిషాలు, రెండు పూటలు. ఎముకను నొక్కడం కాదు, చర్మాన్ని దాని మీద కదిలించడం. మర్దనా అయ్యాక నూనె కడిగేసి ఆరాకే సిలికాన్. మరునాటికి ఎరుపు పెరిగి వేడిగా ఉంటే గట్టిగా నొక్కారన్నమాట, రెండ్రోజులు ఆపి తేలిగ్గా మొదలుపెట్టండి.

దురదకు గోకడం ఒక్కటే వద్దు. పొడిబారిన చర్మం, కొత్తగా మొలుస్తున్న నాడులు, గాయం మానేటప్పుడు ఊరే హిస్టమిన్ అనే రసాయనం, ఈ మూడూ కలిసి దురద పుట్టిస్తాయి. చల్లటి తడిగుడ్డ ఐదు నిమిషాలు వేసి, తుడిచి, వాజలీన్ పలచగా రాయండి. నిద్ర చెడిపోతుంటే రాత్రిపూట వేసుకునే దురద మాత్ర డాక్టరు రాస్తారు, మీ గుండె మందుల చీటీ చూపించే రాయించుకోండి. జండూబామ్, అమృతాంజనం వంటివి మచ్చ మీద రాయకండి. పసుపు, సున్నం, ఆకుపసర్లు వద్దు. విటమిన్ ఇ మాత్ర పగలగొట్టి రాస్తే మచ్చ పోతుందని చాలామంది రాస్తారు. మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు, దద్దుర్లు మాత్రం కొందరికి గ్యారంటీగా వస్తాయి.

జాకెట్టు దగ్గర కాసేపు ఆగుదాం. మీరు కుట్టేవారు కాబట్టి దీనికి మందు మీ చేతిలోనే ఉంది. మన జాకెట్టు హుక్కులు సరిగ్గా ఆ మచ్చ మీదే వస్తాయి. వెనక హుక్కులు పెడితే చేతులు వెనక్కి తిప్పాలి, అది ఇంకో మూడు వారాలు వద్దు. అందుకని ముందు తెరుచుకునేదే ఉంచి, హుక్కుల పట్టీ వెనక రెండంగుళాల వెడల్పు మెత్తటి పాత మల్లు గుడ్డ పట్టీ వేయండి. దాని అంచు మడత మచ్చకు తగలకుండా పక్కకు రావాలి. మెడ కొంచెం పైకి, వదులు అర అంగుళం ఎక్కువ. లోపల ముందు హుక్కులున్న, తీగ లేని, కింద వెడల్పు పట్టీ ఉన్న కాటన్ బ్రా వేసుకోండి. అక్కర్లేదని మానేస్తారు చాలామంది, కానీ రొమ్ముల బరువు మచ్చను రెండు వైపులకీ లాగుతుంది. కోత కిందిభాగం త్వరగా మానకపోవడానికీ మచ్చ వెడల్పు కావడానికీ అదొక ముఖ్య కారణం. ప్రస్తుతానికి రాత్రి కూడా తీయకండి. రొమ్ముల కింద చెమట నిలవకుండా పొడిగుడ్డతో అద్దుకోవాలి, రుద్దకూడదు. పుస్తెలు కూడా చూసుకోండి. పసుపు తాడు తడిసి మచ్చకు రాసుకుంటే మంట తగ్గనే తగ్గదు. కొన్నాళ్లు గొలుసుకు మార్చుకోండి, లేదా జాకెట్టు పైకి వేసుకోండి.

ఎడమ రొమ్ము మీద మొద్దుతనం, తాకితే మంట ఎందుకంటే, బైపాస్‌లో సాధారణంగా రొమ్మెముక వెనక ఎడమవైపు దిగే ధమనిని విడదీసి గుండెకు కలుపుతారు. ఆ పనిలో పక్కటెముకల మధ్య నుంచి చర్మానికి వచ్చే సన్నటి నాడులు దెబ్బతింటాయి. అవి తిరిగి మొలిచేటప్పుడు చురుక్కుమనడం, చీమలు పాకినట్టుండడం, గుడ్డ తగిలినా మండడం ఉంటాయి. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. చిన్న మొద్దు ముక్క కొందరికి ఉండిపోతుంది, దానివల్ల గుండెకు హాని లేదు. ముట్టుకోకుండా దాచుకునేకొద్దీ ఆ చోటు ఇంకా సున్నితమవుతుంది. రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు, మొదట పట్టు గుడ్డతో మెల్లిగా రాయండి. అది అలవాటయ్యాక మెత్తటి కాటన్, ఆపైన తువ్వాలు. వారానికో మెట్టు చాలు. నిద్రపోనివ్వనంత మంట మూడు నెలలు దాటినా ఉంటే నాడుల నొప్పికి వేరే మందులున్నాయి. వాటిలో కొన్ని గుండె జబ్బున్నవాళ్లకు సరిపడవు, కాబట్టి షాపులో అడిగి తెచ్చుకునేవి కావు.

ఆ మొద్దు చోట్ల ఛాతీ మీద గానీ కాలి మీద గానీ వేడినీళ్ల కాపడం, వేడి ఇటుక, ఇసుక మూట పెట్టనివ్వకండి. చర్మానికి వేడి తెలియదు, కాలి బొబ్బ లేచాక తెలుస్తుంది. షుగరున్న కాలి మీద ఆ బొబ్బ నెలల తరబడి మానదు.

కాలి దగ్గరికొస్తే, మీరు నరం తీశారన్నది నిజానికి సిర, అంటే రక్తనాళం. మోకాలి కింద ఆ సిరను అంటిపెట్టుకుని ఒక నాడి నడుస్తుంది. అందుకే చీలమండ లోపలివైపు మొద్దుబారుతుంది. సిర తీసేశాక రక్తం మిగతా దారుల్లో పైకి ఎక్కడం అలవాటు చేసుకునేదాకా వాపు ఉంటుంది. రాత్రి తగ్గి పొద్దున్నకి మామూలవుతుంటే కంగారు లేదు. పడుకుని మడమ గుండెకన్నా ఎత్తులో ఉండేలా దిళ్లు పెట్టి, 20 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. కూర్చున్నప్పుడు పాదాన్ని పైకీ కిందికీ గంటకు 20 సార్లు ఆడించండి. కాలు మీద కాలు వేసుకోవద్దు, బాసింపట్టు వేసుకుని గంటలు కూర్చోవద్దు. బిగుతు మేజోళ్లు మంచివే. కానీ షుగరున్నవాళ్లు ముందు పాదాల్లో నాడి కొడుతోందో లేదో డాక్టరుతో చూపించుకున్నాకే వేసుకోవాలి. పొద్దున్న మంచం దిగకముందే తొడిగి, పడుకునేముందు తీయాలి. ఒక్క కాలిపిక్క మాత్రమే హఠాత్తుగా వాచి, వేడెక్కి, నొక్కితే నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అది ఆ రోజే చూపించాలి.

మంచం దిగొద్దన్న మీ అత్తగారి మాట ప్రేమతో అన్నదే. కానీ ఈ విషయంలో మీ అమ్మాయి చెప్పిందే సరైనది. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల అడుగున కఫం నిలుస్తుంది, ముందుకు వంగిపోయిన భుజాలు అలాగే బిగుసుకుపోతాయి. అప్పుడు మచ్చ కూడా ఆ కురచ కొలతకే గట్టిపడుతుంది. తర్వాత నిటారుగా నిలబడితే చాలు, లాగుతుంది.

ఇంట్లో తిరగడమే ఇప్పటిదాకా నడక అయితే ఇలా మొదలుపెట్టండి. మొదటి వారం పది నిమిషాలు, రోజుకు మూడుసార్లు, చదునైన చోట. రెండు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచండి. మూడో వారానికి 20 నిమిషాలు రెండుసార్లు, ఐదారు వారాలకు ఒకే దఫా 30 నిమిషాలు. చివరికి వారంలో ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు చొప్పున మొత్తం 150 నిమిషాలు అయితే చాలు. మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా, ఆఖరి ఐదూ నెమ్మదిగా. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడే ఊపిరి మాత్రం ఉండకూడదు. అదే సరైన వేగం. నాడి లెక్కపెట్టి వేగం నిర్ణయించుకోవద్దు, మీరు వాడే గుండె మందుల్లో కొన్ని నాడిని తగ్గించి చూపిస్తాయి. ఈ ఎండల్లో పొద్దున్న ఆరున్నరలోపే ముగించండి. మహేంద్రతనయ ఒడ్డున చల్లగా ఉంటుంది గానీ ఏటిలోకి దిగే ఏటవాలు, ఇసుక వద్దు. గట్టి నేల చూసుకోండి. అన్నం తిన్న గంటన్నర దాకా నడవొద్దు. షుగరు మాత్రలవల్ల కళ్లు తిరిగే అలవాటుంటే కొంగులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలు ముడేసుకోండి. చెప్పులకు వెనక పట్టీ ఉండాలి. ఇంటికొచ్చాక పాదాల అడుగు అద్దంలో చూసుకోండి.

ఒక రోజు నడిచాక మరునాడంతా నీరసంగా ఉంటే ఎక్కువ నడిచారని. మానేయకండి, ముందటి వారం లెక్కకు వెనక్కి వెళ్లండి.

భుజాలకు పూటకు పదేసిసార్లు: భుజాలను పైకెత్తి వెనక్కి గుండ్రంగా తిప్పడం, చేతివేళ్లు భుజాల మీద ఆనించి మోచేతులతో సున్నాలు, రెండు చేతులూ కలిపి ముందు నుంచి పైకెత్తడం. మచ్చ లాగినట్టున్న చోట ఆగండి, నొప్పి దాకా పోవద్దు. ఒక చెయ్యి మాత్రమే ఎత్తితే ఎముకకు రెండు పక్కలా లాగుడు సమానంగా ఉండదు, అందుకే రెండూ కలిపి.

బరువుల విషయంలో కిలోలకన్నా చెయ్యి ఎక్కడుందన్నది ముఖ్యం. మోచేతులు పక్కటెముకలకు ఆనుకుని ఉంటే, చంకల్లో చేతిరుమాలు పెట్టినా జారిపోనంత దగ్గరగా, అప్పుడు ఎముక మీద లాగుడు తక్కువ. అదే బరువు చెయ్యి చాచి ఎత్తినా, వెనక్కి తిప్పి లాగినా ఎక్కువ. 12 వారాలు నిండేదాకా ఐదు కిలోలు దాటొద్దు. నిండు బకెట్టు పది కిలోల పైనే. నీళ్ల బిందె ఇంకా ఎక్కువ. గ్యాసు బండ గ్యాసుతో కలిపి దాదాపు 30 కిలోలు, దాన్ని దొర్లించడం కూడా వద్దు. బోరింగు కొట్టడం, నూతిలో తోడడం, రుబ్బురోలు, బట్టలు బండకేసి ఉతకడం, తలుపు గడియ కుదిపి లాగడం వీటికీ అదే గడువు. కూరగాయలు తరగడం, చపాతీలు ఒత్తడం, బట్టలు మడతపెట్టడం ఇప్పుడే చేసుకోవచ్చు. మంచం మీద నుంచి చేతులు వెనక్కి ఆనించి లేవకండి. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జార్చి, మోచెయ్యి పక్కకు దగ్గరగా ఆనించి లేవండి. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే ఒక కమోడ్ కుర్చీ పెట్టించుకోండి. ముక్కడం గుండెకూ మంచిది కాదు, ఛాతీకీ కాదు. మలబద్ధకం ఉంటే ఇసబ్‌గోల్ ఒక చెంచా గ్లాసు నీళ్లలో.

మిషను ఇప్పుడే తొక్కొచ్చు. తొక్కుడు మీ పిక్కకు మంచి కసరత్తే, వాపు కూడా తగ్గిస్తుంది. చిక్కు వంగి కూర్చోవడంలో ఉంది. స్టూలు కాదు, వెన్ను ఆనే కుర్చీ వేసుకోండి. మిషను బల్ల మోచేతి ఎత్తుకు ఉండాలి. 20 నిమిషాలు కుట్టి, లేచి ఐదు నిమిషాలు నిలబడి, భుజాలు తిప్పి, మళ్లీ కూర్చోండి. మొదటి రెండు వారాలు రోజుకు రెండు మూడు విడతలు చాలు. హుక్కులు, అంచులు, కాజాలతో మొదలుపెట్టండి. మందపాటి గుడ్డ కత్తిరింపు వేరేవాళ్లకు అప్పగించండి. మిషను తలకాయ పది కిలోలకు తగ్గదు, ఎత్తొద్దు, వంచి మడవొద్దు. బొగ్గుల ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి కరెంటుది వాడండి.

రథం తాడు మాత్రం ఈ ఏడు వద్దమ్మా. అప్పటికి ఎముక చాలావరకు గట్టిపడి ఉంటుంది, అయినా తాడు కుదుపు, జనం తోపులాట మీ చేతిలో ఉండవు. జగన్నాథుణ్ణి ఏ అరుగు మీది నుంచో, నీడలో కూర్చుని చూడండి.

పప్పు తింటే చీము పడుతుందన్నది నిజం కాదు, అసలు పప్పు మానేస్తేనే గాయం మానడం ఆలస్యమవుతుంది. కిడ్నీ బాగుంటే మీ బరువు 60 కిలోలనుకుంటే రోజుకు 60 నుంచి 70 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో సుమారు ఆరు, కప్పు ఉడికిన పప్పులో ఏడెనిమిది, వంద గ్రాముల చేపలో 20 దాకా ఉంటాయి. జామకాయ, ఉసిరి, నిమ్మ తప్పక తినండి, మచ్చ గట్టిపడడానికి విటమిన్ సి కావాలి. తగ్గించాల్సింది ఎండుచేపలు, ఊరగాయ, ఉప్పు పోసిన చద్దన్నం. అన్నీ కలిపి రోజుకు ఒక చెంచా ఉప్పు లోపే. మూడు నెలల సగటు షుగరు పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, చేయించండి. 7 దరిదాపుల్లో లేకపోతే సిలికాన్ కన్నా ముందు సరిచేయాల్సింది అది.

ఇప్పుడు భయపడాల్సినవి. మచ్చ నుంచి నీరో చీమో కారడం, ఒకచోట కొత్తగా వేడి, వాపు, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, రెండు రోజుల్లో కిలోన్నర బరువు పెరగడం, పడుకుంటే ఆయాసం. వీటిలో ఏదున్నా ఒక రోజు కూడా ఆగొద్దు. మచ్చ నొప్పి వేలితో చూపించగలిగేలా ఉంటుంది, తాకినా తిరిగినా మారుతుంది. గుండె నొప్పి బరువు పెట్టినట్టు, పిసికినట్టు ఉంటుంది. నడిస్తే వచ్చి ఆగితే తగ్గుతుంది, దవడకో చేతికో పాకుతుంది. ఆడవాళ్లలో, అందులోనూ షుగరున్నవాళ్లలో నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, చల్ల చెమట, వాంతి వచ్చినట్టుండడం మాత్రమే ఉండొచ్చు. కూర్చున్నా ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. అది ఒడిశాలోనూ ఆంధ్రలోనూ పనిచేస్తుంది. ఆపరేషన్ చేసినచోటికే పోదామని విశాఖ కారు మాట్లాడుకుంటూ కూర్చోవద్దు. ముందు దగ్గరలో ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆపరేషన్ తర్వాత ఏడుపు, విసుగు, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం కూడా చాలామందికి వస్తాయి. మీరు రాయలేదు, ఉంటే దాచకుండా డాక్టరుతో చెప్పండి. వైద్యం ఉంది.

మూడో నెల చెకప్‌కు విశాఖ వెళ్లేటప్పుడు టెక్కలి దాకా బస్సు కుదుపుల కన్నా గుణుపురం లైను పాసింజరు రైలు మీకు సుఖం, లేచి నడవడానికి వీలుంటుంది. కారైతే సీటు బెల్టుకూ మచ్చకూ మధ్య మడత తువ్వాలు పెట్టుకుని, గంటకోసారి దిగి ఐదు నిమిషాలు నడవండి. డిశ్చార్జి కాగితం, ఇప్పుడు వాడుతున్న మందుల అట్టలన్నీ, ఆపేసిన ఆ నొప్పి మాత్ర అట్టతో సహా, మచ్చ ఫొటోలు, షుగరు లెక్కలు పట్టుకెళ్లండి. అక్కడ మూడు సంగతులు అడగండి: ఎముక పూర్తిగా అతుక్కుందా, బరువు ఎంతదాకా పెంచొచ్చు, మచ్చకు ఇంజెక్షన్ అవసరమా.